వి-క్రాస్‌కి 17 అంగుళాల చక్రాలు: టైర్ సైజు కుదిరేసరికి దాదాపు రెండు నెలలు

2025 జులై మూడో వారంలో హైదరాబాద్ నార్సింగి సర్వీస్ రోడ్డు మీద వాన నీళ్లు నిండిన గుంతలో మా ఇసుజు వి-క్రాస్ పిక్-అప్ ముందు ఎడమ చక్రం దబ్బున పడింది. ఆ రాత్రికి ఏమీ తెలియలేదు. తెల్లారి చూస్తే సగం గాలి పోయింది. పంచర్ షాపులో చక్రాన్ని నీళ్ల తొట్టిలో ముంచితే బుడగలు టైర్‌లోంచి రావట్లేదు, అల్లాయ్ చక్రం లోపలి అంచు నుంచి వస్తున్నాయి. వేలెడు పొడుగు పగులు.

"వెల్డింగ్ కొట్టిస్తే పద్దెనిమిది వందలల్ల అయిపోతదన్నా" అన్నాడు కుర్రాడు. ఇంటిల్లిపాదీ ఎక్కే బండి, వారం వారం చేవెళ్ల దగ్గరున్న మా మామిడితోటకు ఎరువు బస్తాలు మోసే బండి. అతికించిన చోటే మళ్లీ బరువు పడుతుంది, మళ్లీ గుంతలు తగులుతాయి. వద్దని చెప్పి స్టెప్నీ ఎక్కించుకుని ఇంటికొచ్చాను.

అక్కడి నుంచి సెప్టెంబర్ మధ్య దాకా నడిచింది ఈ వ్యవహారం. నాది 2017 బండి. ఇదే బండి ఉన్నవాళ్లకు, వేరే పిక్-అప్‌కి చక్రాలు మార్చాలనుకునేవాళ్లకు పనికొస్తుందని, తేదీలు, రేట్లు మరిచిపోకముందే రాసి పెడుతున్నాను.

ముందుగా పాత అల్లాయ్ లాంటిదే ఒక్కటి దొరుకుతుందేమోనని అడిగాను. ఆర్డర్ పెట్టాలి, అడ్వాన్స్ కట్టాలి, నెల పైనే పడుతుంది, ఒక్కదానికే 19 వేలు దాటుతుంది అన్నారు. అప్పటికే నా టైర్లకు ఆరేళ్లు నిండాయి, పక్క గోడల మీద సన్నటి బీటలు కూడా కనిపిస్తున్నాయి. ఎలాగూ దసరాలోపు టైర్లు మార్చాల్సిందే. ఒక్క చక్రానికి అంత పోసే బదులు స్టెప్నీతో కలిపి ఐదూ మార్చేద్దాం అనుకున్నాం ఇంట్లో. ఆరు బోల్టుల అల్లాయ్‌లు బయట షాపుల్లో 16 అంగుళాల్లో పెద్దగా లేవు, 17లో బోలెడు రకాలున్నాయి. అలా 17కి వెళ్లాను.

ఆగస్టు 2, శనివారం. రాణిగంజ్‌లో మొదలుపెట్టి పుత్లిబౌలి దాకా తిరిగాను. ప్రతి షాపులో మొదటి ప్రశ్న రంగు గురించే, బ్లాక్ కావాలా, బ్రాంజ్ కావాలా అని. రెండోది బడ్జెట్. బండిలో ఏం మోస్తావు అని మాత్రం ఒక్కరూ అడగలేదు. "నీ బండి ఆరు బోల్టులది అన్నా, 139.7. హైలక్స్ చక్రం కూసుంటది, ఫార్చూనర్ చక్రం కూసుంటది. ఫికర్ చెయ్యకు" అన్నాడు ఒకతను. బోల్టుల సంగతి వరకు ఆ మాట నిజమే. ఆరు బోల్టులు, వాటి మధ్య నుంచి గీసిన వలయం వ్యాసం 139.7 మిల్లీమీటర్లు, మూడు బండ్లకూ ఒకటే. కానీ చక్రం మధ్యలో ఉండే పెద్ద రంధ్రం ఆ రెండు టయోటా బండ్లలో 106.1 మిల్లీమీటర్లు. జీడిమెట్లలో పనిచేసే మా తోడల్లుడి దగ్గర వెర్నియర్ తెచ్చి నా బండి హబ్ (ఆ రంధ్రంలో దూరే ఇరుసు చివరి భాగం) కొలిస్తే వందకు కాస్త పైన వచ్చింది. అంటే బోల్టులు కలుస్తాయి, చక్రం తగులుకుంటుంది, కానీ హబ్ చుట్టూ మూడు మిల్లీమీటర్ల ఖాళీ ఉండిపోతుంది. చక్రాన్ని నడిమధ్యన పట్టి ఉంచే భారం మొత్తం నట్ల మీదే పడుతుంది. ఇది ఎవరూ చెప్పరు. మనమే అడగాలి, కుదిరితే మనమే కొలవాలి.

నాకు బాగా నచ్చిన చక్రం పుత్లిబౌలిలో కనిపించింది. బ్రాంజ్ రంగు, జాలీ డిజైన్, బండికి పెడితే ఎలా ఉంటుందో ఫోన్‌లో బొమ్మ కూడా చూపించారు. వెనక్కి తిప్పి చూపించమన్నాను. అట్టపెట్టెలోంచి మొత్తం తీయాలి కాబట్టి షాపాయనకు చిరాకేసింది. అయినా తీశాడు. లోపలివైపు, ఊచల వెనక, పోతపోసిన అక్షరాలుంటాయి. సైజు, ఆఫ్‌సెట్ (చక్రం హబ్‌కి ఆనే ముఖం చక్రం వెడల్పు నడిమధ్య నుంచి ఎంత దూరంలో ఉందో చెప్పే అంకె), ఆ చక్రం ఎంత బరువు మోయగలదో అక్కడే ఉంటుంది. దీని మీద 690 కేజీ అని ఉంది. నా పాత టైర్ మీద సైజు పక్కన 111ఎస్ అని రాసి ఉంది. 111 అంటే ఆ టైర్ ఒక్కటీ 1090 కిలోల దాకా మోస్తుందని, ఎస్ అంటే గంటకు 180 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుందని అర్థం. టైర్ 1090 మోస్తుంటే దాన్ని పట్టుకున్న చక్రం 690 దగ్గర ఆగిపోతే ఎలా? ఆ లెక్క చెప్తే, "అంత లోడ్ ఎవరేస్తరు సార్" అన్నాడాయన. తోటకు ఎరువు తోలే రోజు, వెనక నలుగురు కూర్చున్న రోజు, గుంతలో పడ్డ క్షణం, ఈ మూడూ కలిసొచ్చిన రోజు ఉంటుంది కదా. అంత అందమైన చక్రాన్ని వదిలేసి రావడానికి ప్రాణం ఒప్పలేదు కానీ వదిలేశాను.

మరుసటి వారం కూకట్‌పల్లిలో ఒక షాపులో నల్లటి ఆరు ఊచల చక్రం దొరికింది. చూడ్డానికి సాదాసీదాగా ఉంటుంది. 17 అంగుళాల ఎత్తు, 8 అంగుళాల వెడల్పు, వెనక 1130 కేజీ అని ముద్ర. మధ్య రంధ్రం 106.1, అంటే టయోటాల కోసం పోసిందే. ఆఫ్‌సెట్ నా పాత చక్రం కన్నా పది మిల్లీమీటర్లు తక్కువ.

ఈ ఆఫ్‌సెట్ దగ్గర నేను చాలాసేపు ఆగాను. నా పాత చక్రం 7 అంగుళాల వెడల్పు, కొత్తది 8. పెరిగిన అంగుళంలో సగం, అంటే 12.7 మిల్లీమీటర్లు లోపలికి, మిగతా సగం బయటికి వస్తుంది. ఆఫ్‌సెట్ పది తగ్గింది కాబట్టి చక్రం మొత్తం పది మిల్లీమీటర్లు బయటికి జరుగుతుంది. కలిపి చూస్తే బయటికి 22.7, లోపలికి 2.7. లోపల సస్పెన్షన్‌కీ పాత టైర్‌కీ మధ్య నా రెండు వేళ్లు దూరే సందు ఉంది కాబట్టి ఆ వైపు భయం లేదు. బయట వీల్ ఆర్చ్ (చక్రం మీద కమానులా ఉండే బాడీ అంచు) దాటి పొడుచుకు రాకూడదు. ఆర్చ్ అంచు నుంచి ఒక దారానికి నట్టు కట్టి వేలాడదీసి, టైర్ దాకా ఎంత ఖాళీ ఉందో స్కేలుతో కొలిచాను. సరిపోతుంది, కానీ పెద్దగా మిగలదు. ఇంకా తక్కువ ఆఫ్‌సెట్ ఉన్నవి, బాగా బయటికి వచ్చేవి, చూపిస్తూనే ఉన్నారు. వాటి జోలికి పోలేదు.

నాలుగు చక్రాల సెట్‌గానే అమ్ముతాం అన్నారు. ఐదోది విడిగా తెప్పించడానికి మూడు నాలుగు వారాలు. సరేనని ఆగస్టు 11న సగం డబ్బు కట్టాను. వారంలో వస్తాయన్న నాలుగు చక్రాలు 19న వచ్చాయి. ఈ మొత్తం వ్యవహారంలో చెప్పిన టైముకు దగ్గరగా జరిగింది ఇదొక్కటే.

ఇప్పుడు టైర్. అసలు తలనొప్పి ఇక్కడే.

నా పాత సైజు 245/70 ఆర్16. 245 అనేది టైర్ వెడల్పు, మిల్లీమీటర్లలో. 70 అంటే పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో 70 శాతం, అంటే 171.5. పైనా కిందా రెండు గోడలు కాబట్టి 343. మధ్యలో 16 అంగుళాల చక్రం, 406.4. మొత్తం కలిపితే టైర్ నిలువెత్తు 749.4 మిల్లీమీటర్లు. చక్రం మారినా ఈ ఎత్తుకు దగ్గరలోనే ఉండాలని నా పట్టుదల. ఎత్తు మారితే స్పీడోమీటర్ తప్పు చెప్తుంది, గేర్లు బరువెక్కుతాయి, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు ఎక్కడో రాసుకుంటుంది.

షాపుల్లో అందరూ చేతిలో పెట్టబోయింది 265/65 ఆర్17. ఫార్చూనర్ 4x2కి వచ్చే సైజు కాబట్టి ప్రతి షాపులో స్టాక్ ఉంటుంది, డిస్కౌంట్ కూడా ఇస్తారు. లెక్కేస్తే 776.3. పాతదానికన్నా 27 మిల్లీమీటర్లు, మూడున్నర శాతం పైన ఎక్కువ. ఒకతను ఇంకో అడుగు ముందుకేసి 265/70 వేసుకోమన్నాడు, "బండి దున్నపోతు లెక్క కనపడ్తది" అని. అది 802.8, ఏకంగా ఏడు శాతం. దాని గురించి ఆలోచించను కూడా లేదు.

265/65 గురించి మాత్రం నోటి మాటతో కాకుండా చూసి తేల్చుకుందాం అనుకున్నాను. ఆగస్టు 20న కూకట్‌పల్లి టైర్ షాపతను మంచి మనిషి, కొత్త చక్రం ఒకదానికి 265/65 ఎక్కించి ముందు కుడివైపు బిగించి చూపించాడు. స్టీరింగ్ నిటారుగా ఉంటే దర్జాగా ఉంది. పూర్తిగా ఎడమకు తిప్పించి, ఒక మనిషిని ముందు బంపర్ మీద నిలబెట్టి ఊగమన్నాం. నేను కింద కూర్చుని టార్చ్ వేసి చూస్తున్నా. టైర్ భుజం వెళ్లి వెనక ఉన్న నల్ల ప్లాస్టిక్ లైనర్‌ని తాకింది. సరిగ్గా గోరుతో గీసినంత చప్పుడు. లైనర్ మీద సన్నటి గీత పడింది. "చిన్నగా కోసేస్తే అయిపోతది సార్, అందరూ చేయించుకుంటరు" అన్నాడు. చాలామంది చేయిస్తారు కూడా. కొత్త చక్రం కోసం బండి కోయడం నాకిష్టం లేదు. చక్రం బయటికి జరిగినకొద్దీ స్టీరింగ్ తిప్పినప్పుడు టైర్ ఇంకా పెద్ద వలయంలో తిరుగుతుంది. పాత ఆఫ్‌సెట్‌తో అయితే అదే టైర్ తగిలేది కాదేమో. అందుకే టైర్, చక్రం కలిపే చూడాలి, విడివిడిగా "ఫిట్ అవుతుంది" అనే మాటకు విలువ లేదు.

మిగిలినవి రెండు. స్కార్పియో-ఎన్‌కి వచ్చే 245/65 ఆర్17, దాని ఎత్తు 750.3. పాతదానికి ఒక్క మిల్లీమీటరు తేడా! తొందరలో ఉన్నవాళ్లు కళ్లు మూసుకుని ఇది తీసుకోవచ్చు, దొరకడం కూడా తేలిక. రెండోది 255/65 ఆర్17, ఎత్తు 763.3, పాతదానికన్నా రెండు శాతం లోపే ఎక్కువ. కంపెనీ వాళ్లే తర్వాతి వి-క్రాస్‌లకు 18 అంగుళాల చక్రం మీద 255/60 ఇచ్చారు. దాని ఎత్తు 763.2. అంటే ఈ బండి కింద ఆ ఎత్తు టైర్ తిరుగుతుందని తయారుచేసినవాళ్లే ఒప్పుకున్నట్టు. పైగా ఆస్ట్రేలియాలో ఇదే తరం డి-మాక్స్‌లు (మన వి-క్రాస్‌కి అక్కడి పేరు) కొన్ని 255/65 ఆర్17తోనే వచ్చాయి. 8 అంగుళాల చక్రం మీద 255 చక్కగా కూర్చుంటుంది. నేల నుంచి ఎత్తు ఏడు మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఆ రాత్రి కాగితం మీద ఈ అంకెలన్నీ పక్కపక్కన పెట్టుకుని చూశాక చాలా రోజుల తర్వాత మనసు కుదుటపడింది.

సైజు తేలింది కానీ టైర్ దొరకలేదు. షాపులో ఉన్న 255/65 మీద 110 అని ఉంది, అంటే 1060 కిలోలు. నా పాతది 1090. ముప్పై కిలోలే కదా అన్నారు. పిక్-అప్‌లో పాతదానికన్నా తక్కువ మోసే టైర్ వేయడానికి నేను ఒప్పుకోలేదు. ఇదే సైజులో ఎక్స్ఎల్ అని గట్టి రకం ఉంటుంది, 114, అంటే 1180 కిలోలు. అదే కావాలన్నాను. ఒక షాపులో "ఈ సైజుల ఆ బ్రాండ్ ఇప్పుడు బయటికెళ్లి వస్తలేదు" అన్నారు. అదీ నిజమే. 2020 జూన్‌లో కేంద్రం టైర్ల దిగుమతి మీద ఆంక్షలు పెట్టాక కొన్ని విదేశీ రకాలు దొరకడం కష్టమైంది. చివరికి 114లో ఆల్ టెర్రైన్ (తారు రోడ్డుకీ మట్టికీ పనికొచ్చే) రకం ఒకటి వేరే ఊరి గోడౌన్‌లో ఉందన్నారు. ఆగస్టు 21న డబ్బు కట్టాను. నాలుగు రోజుల్లో అన్నారు. వినాయక చవితి వచ్చింది, వెళ్లింది. రోజూ ఫోన్ చేస్తే "దారిలో ఉంది సార్" అనే మాటే. ఆ వారమంతా నాకు నిజంగా టెన్షన్. బండి స్టెప్నీ మీద నడుస్తోంది, వెనక స్టెప్నీ లేదు, తోటలో పని ఆగిపోయింది, మా నాన్న రోజూ అడుగుతున్నారు. టైర్లు 30న దిగాయి. వచ్చీ రాగానే పక్క గోడ మీద నాలుగంకెల తేదీ చూశాను. 1425. 2025లో 14వ వారం, ఏప్రిల్ మొదట్లో తయారైనవి. ఐదింటి మీదా అదే వారం. ఎదురుచూసినందుకు అదొక ఊరట. టైర్ కొనేటప్పుడు ఐఎస్ఐ ముద్ర, ఈ తేదీ చూడకుండా డబ్బు చేతికివ్వకండి.

ఈ మధ్యలో హబ్ రింగుల పని. 106.1కీ నా హబ్‌కీ మధ్య ఖాళీ నింపే రింగు కావాలి. అల్లాయ్ షాపులో కార్లకు వచ్చే చిన్న ప్లాస్టిక్ రింగులే ఉన్నాయి. "రింగ్ లేకున్నా నడుస్తది" అన్నారు. నేను ఆగస్టు 23న పాత చక్రం ఒకటి, కొత్తది ఒకటి వెనక వేసుకుని బాలానగర్ వెళ్లాను. లేత్ వర్క్‌షాపులు వరసగా ఉండే గల్లీలో ఒక పెద్దాయన. నేను చెప్పింది సగం విని, "తమ్మీ, పాత గిర్ర తెచ్చినవా? మంచిగ చేసినవ్. మాటల కొలతకు పని చెయ్యను" అన్నారు. మైక్రోమీటర్‌తో హబ్‌ని మూడు చోట్ల కొలిచారు, పాత చక్రం రంధ్రాన్ని మూడు చోట్ల కొలిచారు, కొత్తదాన్నీ అంతే. అల్యూమినియం దిమ్మెను లేత్‌కి ఎక్కించి మొదటి రింగు తిప్పారు. తీసి చక్రంలో పెడితే దూరలేదు. మళ్లీ ఎక్కించి వెంట్రుకవాసి తీశారు. ఈసారి అరచేత్తో నొక్కితే "టప్" మని కూర్చుంది, తలకిందులు చేసినా రాలేదు. ఆ పనితనం చూస్తుంటే కడుపు నిండిపోయింది. ఐదు రింగులకు 2,250 తీసుకున్నారు, సాయంత్రానికి ఇచ్చేశారు. హబ్‌కి తుప్పు పట్టి ఉంటే ఇనుప బ్రష్‌తో శుభ్రం చేసి, పల్చగా గ్రీజు రాసి పెట్టమన్నారు, లేకపోతే రేపు పంచరైనప్పుడు చక్రం ఊడిరాదని. ఇది మీరూ గుర్తుపెట్టుకోండి.

ఆగస్టు 31, ఆదివారం బిగింపు. ఇక్కడ ఇంకో చిన్న షాక్. కొత్త చక్రంలో నట్టు కూర్చునే గొయ్యి సన్నగా ఉంది. కంపెనీ నట్టు దిగింది కానీ దాన్ని తిప్పే పానా దూరలేదు. సన్న తల ఉన్న నట్లు కావాలి, మర సైజు అదే ఉండాలి, బోల్టు మందం 12 మిల్లీమీటర్లు, మర పళ్ల మధ్య దూరం 1.5. అవి 24, ఒక్కోటి 110 రూపాయలు, మొత్తం 2,640. స్టెప్నీ మార్చేటప్పుడు కావాలి కాబట్టి సన్న సాకెట్ ఒకటి అడిగి టూల్ బ్యాగులో వేయించుకున్నాను. అది లేకుండా రాత్రి పూట వికారాబాద్ రోడ్డు మీద పంచరైతే ఇక అంతే. నట్లు గన్‌తో కొట్టేస్తుంటే ఆపించి, మొదట చేత్తో ఎదురెదురుగా బిగించి, చివర బండి పుస్తకంలో ఉన్న టార్క్‌కి (బిగింపు బలానికి) టార్క్ రెంచ్‌తో బిగించమన్నాను. షాపులో రెంచ్ ఉంది, దుమ్ము పట్టి ఉంది. తీశారు.

అమ్మ నిమ్మకాయలు పెట్టింది, కొబ్బరికాయ కొట్టాం, ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాను. పాత టైర్లతో మీటర్ 100 చూపిస్తే ఫోన్‌లో జీపీఎస్ 95, 96 చూపించేది. ఇప్పుడు మీటర్ 100 దగ్గర జీపీఎస్ 97 చూపిస్తోంది. కాగితం మీద లెక్క ఎంత చెప్పిందో రోడ్డు మీద అంతే. అదే 265/70 వేసి ఉంటే మీటర్ 100 చూపిస్తుండగా నిజంగా 102 దాటి పోతుండేవాణ్ని. ఓడోమీటర్ కూడా పాతదానికన్నా రెండు శాతం తక్కువ చూపిస్తుంది కాబట్టి మైలేజీ లెక్కేసేటప్పుడు అది కలుపుకోవాలి.

సెప్టెంబర్ 3న ఆఫీసుకు పోతుంటే 85 దాటగానే స్టీరింగ్ సన్నగా వణకడం మొదలైంది. మొదటి రోజు లేనిది ఇప్పుడెందుకు? రింగు సరిగా కూర్చోలేదా, టైర్ గుండ్రంగా లేదా, లక్షకు పైగా పోసి ఇదా అని గుండె జారింది. షాపుకు ఫోన్ చేస్తే శనివారం నిమజ్జనం, సెలవు, సోమవారం రమ్మన్నారు. అప్పటి దాకా 70 దాటలేదు. 8న చక్రం విప్పి చూస్తే అర్థమైంది. బ్యాలెన్సింగ్ కోసం చక్రం లోపల అతికించిన సీసం ముక్కల పట్టీ ఊడి ఎక్కడో పడిపోయింది, జిగురు మరక మాత్రం మిగిలింది. కొత్త చక్రం లోపల పూసి వచ్చే నూనె పొరను తుడవకుండానే అతికించారు. థిన్నర్‌తో తుడిచి, నాలుగూ కొత్తగా బ్యాలెన్స్ చేసి, పట్టీల మీద టేపు కూడా వేశారు. డబ్బు తీసుకోలేదు. రింగులు మాత్రం చెక్కుచెదరలేదు. ఆ పూటే నట్లన్నీ మళ్లీ రెంచ్‌తో చూపించాను, వాటిలో రెండు కొద్దిగా తిరిగాయి. కొత్త అల్లాయ్ వేశాక వంద కిలోమీటర్లకు ఒకసారి నట్లు చూడమనేది ఇందుకే.

గాలి గురించి షాపువాడు డోర్ దగ్గర స్టిక్కర్ చూసి అంతే కొట్టాడు. స్టిక్కర్ పాత సైజుకు రాసింది. కొత్తది ఎక్స్ఎల్ టైర్, దాని పూర్తి బలం రావాలంటే గాలి కాస్త ఎక్కువ ఉండాలి. ఖాళీగా తిరిగేటప్పుడు స్టిక్కర్ అంకె మీద రెండు పీఎస్ఐ, లోడ్ వేసిన రోజు వెనక ఇంకొంచెం పెంచుతున్నాను. టైర్ నడిమధ్యన గానీ అంచుల్లో గానీ ముందు అరుగుతోందా అని సుద్దముక్కతో అడ్డంగా గీత గీసి, కొంచెం దూరం నడిపి చూశాను. గీత సమానంగా చెరిగింది.

నచ్చనివీ ఉన్నాయి. చక్రం బయటికి జరిగింది కాబట్టి బురద తలుపుల మీదికి ఎగురుతోంది. నిలబడి ఉన్నప్పుడు స్టీరింగ్ మునుపటికన్నా బరువు. గుంతలో ఒక పక్క చక్రం పడితే స్టీరింగ్ ఆ పక్కకు కొంచెం లాగుతోంది. ఆల్ టెర్రైన్ టైర్ కాబట్టి 80 దాటితే సన్నగా హోరు. మైలేజీ లీటరుకు పదకొండున్నర నుంచి పదకొండు లోపుకు వచ్చింది, ఆ రెండు శాతం కలిపాక కూడా. చేవెళ్ల మట్టి రోడ్డు మీద, తోటలో తడి నేల మీద మాత్రం హాయి. లోడుతో ఉన్నా వెనక పక్క మునుపటిలా కదలట్లేదు.

మొత్తం ఖర్చు: ఐదు చక్రాలు 62,500, ఐదు టైర్లు 71,000, రింగులు 2,250, నట్లు 2,640, ఎక్కించడం, వాల్వులు, బ్యాలెన్సింగ్ కలిపి 1,750, అలైన్‌మెంట్ 900. వెరసి 1,41,040. పాత అల్లాయ్‌లలో బాగున్న మూడు 16 వేలకు పోయాయి. పగిలినది తుక్కు కింద ఇచ్చేశాను, ఎవరూ అతికించి వాడకూడదని పగులు మీద సుత్తితో ఇంకా కొట్టించి మరీ ఇచ్చాను.

కాగితాల విషయం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. నేను ఆర్చ్ దాటకుండా, ఇదే బండికి కంపెనీ వాడిన టైర్ ఎత్తుకే కట్టుబడటానికి అదీ ఒక కారణం. ఇన్సూరెన్స్ వాళ్లకు బిల్లులు పంపి, కొత్త అల్లాయ్‌ల విలువను పాలసీలో నాన్-ఎలక్ట్రికల్ యాక్సెసరీస్ కింద చేర్పించాను. చేర్చకపోతే రేపు యాక్సిడెంట్ అయితే చక్రాలకు క్లెయిమ్ రాదు.

ఐదో చక్రం సెప్టెంబర్ 13న వచ్చింది. ఆలోపు వెనక కట్టుకుని తిరిగింది పాత 16 అంగుళాల స్టెప్నీనే. దాని ఎత్తు కొత్తవాటికన్నా 14 మిల్లీమీటర్లు తక్కువ. వి-క్రాస్‌లో 4x4 (నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం వెళ్లేది) వేస్తే ముందూ వెనకా ఇరుసులు ఒకే వేగంతో తిరగాలి, మధ్యలో తేడాను సర్దే డిఫరెన్షియల్ లేదు. ఒక టైర్ పొట్టిగా ఉంటే రెండు ఇరుసులకూ బలాన్ని పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ నలిగిపోతుంది. అందుకని ఆ రెండు వారాల్లో స్టెప్నీ బిగించాల్సి వస్తే 4x4 నాబ్ ముట్టుకోకూడదనుకున్నాను. మామూలుగా బండిని తోసేది వెనక చక్రాలే, అవి రెండూ ఒకే ఎత్తు ఉండాలి కాబట్టి, వెనక టైర్ పంచరైతే ముందు చక్రాన్ని వెనక్కి వేసి స్టెప్నీని ముందుకు వేద్దామని, జాకీ రెండుసార్లు ఎత్తే ఓపిక ఉంచుకున్నాను. అవసరం పడలేదు. ఇప్పుడు ఐదూ ఒకటే సైజు, ఒకటే వారం తయారీ. 255/65 బండి కింద స్టెప్నీ గొలుసులో ఇబ్బంది లేకుండా కూర్చుంది. ఐదింటినీ కలిపి తిప్పుకుంటూ వాడదామని, మొదటి మార్పిడి 8,000 కిలోమీటర్ల దగ్గర పెట్టుకున్నాను.